వాతావరణ హామీలను నల్లగొండ నుంచి తూచి చూస్తే

2015 మే నెలాఖరులో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. తెలంగాణలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో మా నల్లగొండ ఒకటి. జూన్‌లో ఇదే జిల్లాలో, దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర, నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. జూలైలో రాష్ట్ర ప్రభుత్వం హరితహారం అనే మొక్కల పెంపకం కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అక్టోబర్ 2న భారతదేశం, భూతాపాన్ని తగ్గించడానికి తాను ఏం చేస్తుందో చెప్పే వాతావరణ హామీ పత్రాన్ని ఐక్యరాజ్యసమితికి అందజేసింది. డిసెంబర్ 12న, అలాంటి హామీల మీదే నిలబడిన అంతర్జాతీయ వాతావరణ ఒప్పందం పారిస్‌లో కుదిరింది. ఒకే ఏడాదిలో జరిగిన ఈ ఐదింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప, దేశాలు తమకు తాముగా ప్రకటించుకున్న హామీలు న్యాయమైనవా, అవి పనిచేస్తున్నాయా అన్న ప్రశ్నకు మన ప్రాంతం నుంచి జవాబు చెప్పలేమని నా అభిప్రాయం.

నేను డిగ్రీ విద్యార్థులకు ఆర్థికశాస్త్రం చెబుతాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి, "సార్, పారిస్ ఒప్పందం నుంచి అమెరికానే తప్పుకున్నాక మనమెందుకు కార్బన్ తగ్గించుకోవాలి?" అని అడుగుతారు. అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. అయితే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎవరు ఎంత భారం మోయాలి అనేది న్యాయానికి సంబంధించినది. మోస్తామన్న భారాన్ని నిజంగా మోస్తున్నారా, దానివల్ల గాలిలోకి చేరే కార్బన్ తగ్గుతోందా అనేది ఫలితానికి సంబంధించినది. ఈ రెండింటినీ కలిపేస్తే ప్రతి దేశానికీ తప్పించుకునే దారి దొరుకుతుంది. సంపన్న దేశాలు ఫలితం గురించి మాట్లాడి న్యాయాన్ని పక్కన పెడతాయి, మనవంటి దేశాలు న్యాయం గురించి మాట్లాడి ఫలితాన్ని పరీక్షకు పెట్టకుండా దాటవేస్తాయి. రెండు పరీక్షలనూ విడివిడిగా పెట్టి, ఒకదానిలో వచ్చిన మార్కులను రెండోదానిలో కలపకుండా చూడాలన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్నది.

స్వచ్ఛంద హామీల పద్ధతి ఎందుకు వచ్చిందో ముందు గుర్తు చేసుకోవాలి. 1992లో రియో సదస్సులో కుదిరిన వాతావరణ ఒడంబడిక, బాధ్యత అందరిదీ అయినా అది అందరికీ ఒకే స్థాయిలో ఉండదనీ, ఆయా దేశాల శక్తిని బట్టి వేర్వేరుగా ఉంటుందనీ ఒప్పుకుంది. 1997 నాటి క్యోటో ఒప్పందం ఆ సూత్రాన్ని అంకెల్లోకి మార్చి, పారిశ్రామిక దేశాలు 2008–2012 మధ్య తమ ఉద్గారాలను, అంటే గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను, 1990 స్థాయి కంటే సగటున 5 శాతం తగ్గించాలని కట్టడి చేసింది. అమెరికా సంతకం చేసింది గానీ ఆమోదించలేదు. కెనడా ఆమోదించింది, ఉద్గారాలు తగ్గకపోగా పెరిగాయి, 2011లో ఒప్పందం నుంచే వైదొలగుతున్నట్టు ప్రకటించింది. పై నుంచి విధించిన లక్ష్యాన్ని బలమైన దేశం మెడలు వంచి అమలు చేయించగల శక్తి ఎవరికీ లేదని అప్పుడు స్పష్టమైంది. 2013లో వార్సాలో జరిగిన వాతావరణ సదస్సులో, ఎవరి హామీని వారే నిర్ణయించుకోవాలన్న పద్ధతికి బాట పడింది. 2014లో లిమాలో, తమ హామీ తమ పరిస్థితుల్లో ఎందుకు న్యాయమైనదో, ఎందుకు గట్టిదో ప్రతి దేశమూ వివరించాలని కోరారు. అంటే పరీక్ష రాసేవారే ప్రశ్నపత్రం తయారు చేసుకుని, మార్కులు కూడా వారే వేసుకునే ఏర్పాటు ఇది.

పారిస్ ఒప్పందంలో చట్టబద్ధమైన భాగం ఏదో, కానిది ఏదో చాలామందికి తెలియదు. ప్రతి దేశమూ ఐదేళ్లకోసారి హామీ ఇవ్వాలి, కొత్తది పాతదాని కంటే ముందడుగుగా ఉండాలి, ఆ దేశానికి సాధ్యమైన అత్యున్నత సంకల్పాన్ని అది చూపాలి, జరిగిన పనిని ఒకే పద్ధతిలో లెక్కగట్టి నివేదించాలి. ఇవి నిబంధనలు. కానీ చెప్పిన అంకెను సాధించి తీరాలన్న నిబంధన అందులో లేదు. అమలును చూసే కమిటీ ఎవరితోనూ ఘర్షణకు దిగరాదనీ, శిక్షించరాదనీ పదిహేనవ అధికరణంలోనే రాసి ఉంది.

దీని పక్కన మన ఊరి చట్టాన్ని పెట్టి చూడండి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతకకపోతే సర్పంచ్ పదవికీ, పంచాయతీ కార్యదర్శి ఉద్యోగానికీ ముప్పు వస్తుంది. ఊరూరా నర్సరీ పెట్టారు, ట్యాంకర్లతో నీళ్లు పోశారు, ఎండిన మొక్క స్థానంలో మరో మొక్క పెట్టారు. ఆ నిబంధన ఎంతవరకు అమలైందన్నది వేరే చర్చ. నన్ను ఆలోచింపజేసేది బాధ్యతను పంచిన తీరు. 2015 హామీలో భారతదేశం 2030 నాటికి అదనపు అడవులు, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే ఏర్పాటు చేస్తామంది. ఆ మాట తప్పితే దేశానికి అంతర్జాతీయంగా ఏ శిక్షా లేదు. ఆ మాటలో అతి చిన్న భాగాన్ని మోసే నారాయణపేట దగ్గరి ఒక చిన్న పంచాయతీ సర్పంచ్‌కు మాత్రం పదవీగండం ఉంది. హామీ పై స్థాయిలో స్వచ్ఛందంగా ఉండి, కిందికి దిగే కొద్దీ శిక్షతో కూడిన విధిగా మారడం నాకు న్యాయంగా కనిపించదు.

ఇక అంకెలు. హామీలోని శాతం కంటే, ఆ శాతాన్ని దేనితో పోల్చి చెప్పారన్నదే ముఖ్యం. ఐరోపా సమాఖ్య 1990తో పోల్చి చెబుతుంది, ఎందుకంటే ఆ తర్వాత దాని ఉద్గారాలు తగ్గుతూ వచ్చాయి. అమెరికా 2005తో పోలుస్తుంది, ఎందుకంటే 1990 నుంచి 2005 వరకు అక్కడ ఉద్గారాలు పెరిగాయి, ఎత్తైన చోట నుంచి కొలిస్తే తగ్గుదల పెద్దదిగా కనిపిస్తుంది. 2025 నాటికి 26 నుంచి 28 శాతం తగ్గిస్తామని ఒబామా ప్రభుత్వం ఇచ్చిన హామీని 1990తో కొలిస్తే ఆ శాతం చాలా చిన్నదవుతుంది. రష్యా 2015లో తన ఉద్గారాలను 1990 స్థాయిలో 70–75 శాతానికి పరిమితం చేస్తానంది. సోవియట్ యూనియన్ కూలిపోయి కర్మాగారాలు మూతపడిన కారణంగా, అడవులను లెక్కలోకి తీసుకోకుండానే, రష్యా ఉద్గారాలు అప్పటికే 1990 కంటే సుమారు 30 శాతం తక్కువగా ఉన్నాయి. ఆ హామీని నెరవేర్చడానికి ఏమీ చేయనక్కరలేదు. టర్కీది మరో దారి. ఏ చర్యా తీసుకోకపోతే 2030లో ఉద్గారాలు ఎంతకు చేరతాయో ముందుగా ఒక అంచనా వేసుకుని, దానికంటే 21 శాతం తగ్గిస్తామంది. ఆ అంచనాను ఎంత పెంచితే తగ్గింపు అంత సులువు. ఆ హామీ పూర్తిగా నెరవేరినా టర్కీ ఉద్గారాలు 2012 నాటితో పోలిస్తే దాదాపు రెట్టింపు అయ్యే వీలుండేది. ఇలాంటి హామీలను నెరవేరిన హామీల జాబితాలో చేర్చి సంతోషించడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

మన హామీని కూడా ఇదే కొలతతో చూడాలి. 2030 నాటికి ఉద్గార తీవ్రతను 2005తో పోలిస్తే 33–35 శాతం తగ్గిస్తామని 2015లో చెప్పాం, 2022లో దాన్ని 45 శాతానికి పెంచాం. ఉద్గార తీవ్రత అంటే ఒక రూపాయి విలువైన జాతీయోత్పత్తికి ఎంత కార్బన్ వదులుతున్నామన్న లెక్క. ఉత్పత్తి నాలుగు రెట్లు పెరిగి, తీవ్రత 45 శాతం తగ్గిందనుకుందాం. నాలుగును 0.55తో గుణిస్తే మొత్తం ఉద్గారాలు 2.2 రెట్లు అవుతాయి. అభివృద్ధి చెందుతున్న దేశానికి ఇది అన్యాయమైన లెక్క కాదు, పేదరికం నుంచి బయటపడాలంటే కరెంటు, సిమెంటు, ఉక్కు కావాలి. కానీ ఈ హామీ నెరవేరిందన్న వార్త చదివినప్పుడు, కార్బన్ తగ్గిందని అర్థం చేసుకోకూడదు. 2005 నుంచి 2020 మధ్య తీవ్రత 36 శాతం తగ్గిందని ప్రభుత్వం తన నివేదికలో తెలిపింది. అంటే 2030 కోసం ఇచ్చిన మొదటి లక్ష్యం పదేళ్ల ముందే పూర్తయింది. దీన్ని గొప్ప విజయంగా చెప్పుకోవచ్చు, లేదా లక్ష్యాన్ని మొదటే తక్కువగా పెట్టుకున్నామా అని అడగవచ్చు. సాధ్యమైన అత్యున్నత సంకల్పం అన్న పారిస్ మాటను మనం నమ్మితే రెండో ప్రశ్న అడగక తప్పదు.

విద్యుత్ హామీ ఇంకా సూక్ష్మంగా చదవాల్సినది. కట్టిన విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యంలో 40 శాతం శిలాజేతర వనరులదే, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కాని వాటిదే, ఉండాలన్న మొదటి లక్ష్యాన్ని 2021లోనే అందుకున్నాం, పెంచిన 50 శాతం లక్ష్యాన్ని 2025 మధ్యలో, ఐదేళ్ల ముందే చేరుకున్నాం. దీని వెనుక హామీ కంటే సౌర విద్యుత్ ధర పడిపోవడం పెద్ద కారణమని నా అంచనా. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది, అప్పటి నుంచి సౌర విద్యుత్ కట్టడానికి ఎవరినీ బతిమాలాల్సిన అవసరం లేకపోయింది. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌర ఫలకాలు రాత్రి పనిచేయవు, మబ్బు రోజున తగ్గుతాయి. బొగ్గు కేంద్రం రాత్రింబవళ్లు నడుస్తుంది. అందుకే సామర్థ్యంలో సగం శిలాజేతరమైనా, మనం వాడే కరెంటులో బొగ్గు వాటా ఇంకా నాలుగింట మూడు వంతుల దగ్గరే ఉంది.

యాదాద్రి కేంద్రం ఈ తేడాను కళ్లకు కడుతుంది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపి, మరికొన్ని అధ్యయనాలు జరపాలని ఆదేశించింది. ఆ తర్వాత మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2024 నుంచి యూనిట్లు ఒక్కొక్కటిగా ఉత్పత్తిలోకి వస్తున్నాయి. మొత్తం కేంద్రం తన సామర్థ్యంలో మూడింట రెండు వంతుల మేరకు నడిచి, యూనిట్ కరెంటుకు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలితే, ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నులు అవుతుంది. బొగ్గు కేంద్రం పాతికేళ్లు నడవడం మామూలు, నలభై ఏళ్లు నడిచినవీ ఉన్నాయి. ఇంత పెద్ద కేంద్రం మన హామీలో ఒక్క వాక్యాన్ని కూడా ఉల్లంఘించదు. తీవ్రత తగ్గుతూనే ఉంటుంది, సామర్థ్యంలో వాటా నిలుస్తుంది, 2070 నాటికి నికర సున్నా, అంటే వదిలినంత కార్బన్‌ను తిరిగి పీల్చుకునే స్థితికి చేరతామని మన దేశం ఇచ్చిన మాటకూ దీనికీ తేదీల్లో ఘర్షణ లేదు. అయితే ఏడాదికి రెండు కోట్ల టన్నులు పుట్టించే నిర్ణయాన్ని ప్రభావితం చేయలేని హామీ ఫలితపు పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకుంటుంది?

ఆ కేంద్రం కట్టడం తప్పని నేను అనడం లేదు. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు కరెంటు కోతలకు పొట్ట దశలో ఎండిన పొలాలను ఈ జిల్లా రైతు మరిచిపోలేదు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు మెట్ట ప్రాంతాల్లో సేద్యం అంటే బోరు, బోరు అంటే మోటారు, మోటారు అంటే కరెంటు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ ఇచ్చారు. ఇక్కడే ఒక సంగతి గమనించాలి. మోటారుకు రాత్రి కరెంటు అక్కరలేదు, పగటి వేళ నమ్మకంగా ఇస్తే చాలు, రాత్రి పూట పాముల మధ్య పొలానికి వెళ్లే బాధ కూడా రైతుకు తప్పుతుంది. సౌర విద్యుత్ సరిగ్గా పగలే పుడుతుంది. మన అవసరానికీ, ఎండ సమయానికీ ఇంత చక్కగా పొంతన కుదిరిన చోట దాని కోసం జిల్లాల వారీ లక్ష్యం జాతీయ హామీలో ఎందుకు లేదన్నది న్యాయంగా అడగదగిన ప్రశ్న.

ఇప్పుడు న్యాయం దగ్గరకు వద్దాం, ఇక్కడ నా పక్షం స్పష్టం. శిలాజ ఇంధనాల నుంచి ఇప్పటివరకు గాలిలోకి చేరిన మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికా వాటా సుమారు నాలుగో వంతు. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారతదేశపు వాటా మూడు, నాలుగు శాతం. ఈనాటి తలసరి లెక్క తీసుకున్నా అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నులు వదిలితే, సగటు భారతీయుడు రెండు టన్నుల దగ్గర ఉన్నాడు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో వందల ఏళ్లు నిలుస్తుంది కాబట్టి పాత లెక్క పాతది కాదు, 2015 మే నెల ఎండలో అది కూడా ఉంది. 1991లోనే పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఈ విషయాన్ని గట్టిగా చెప్పారు. బతకడానికి వదిలే ఉద్గారాలనూ, విలాసానికి వదిలే ఉద్గారాలనూ ఒకే త్రాసులో తూచరాదన్నది వారి వాదన.

ఆ వాదన విలువ మిర్యాలగూడ ఆయకట్టులో బాగా అర్థమవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వేల ఎకరాల్లో వరి పొలాలు నీళ్లు నిలబెట్టుకుని ఉంటాయి. నిలిచిన నీటి కింద, గాలి తగలని మట్టిలో, సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. టన్నుల లెక్కలో చూస్తే అదీ ఉద్గారమే, పెద్ద కారు పొగగొట్టం నుంచి వచ్చేదీ ఉద్గారమే. 2021లో గ్లాస్గోలో అనేక దేశాలు కలిసి మీథేన్‌ను తగ్గిస్తామని ప్రతిజ్ఞ చేసినప్పుడు భారతదేశం చేరలేదు, చిన్న రైతు పొలాన్నీ పశువునూ ఆ లెక్కలోకి లాగడం సమంజసం కాదన్న కారణం అందులో ఉంది. ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. అదే సమయంలో, పొలాన్ని మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడిపే పద్ధతిలో నీరూ ఆదా అవుతుంది, మీథేనూ తగ్గుతుంది. దాన్ని రైతు మీద ఆంక్షగా కాకుండా, రైతుకు డబ్బిచ్చి చేయించే పనిగా పెట్టుకోవడానికి మనకు ఏ విదేశీ ప్రతిజ్ఞా అడ్డు కాదు.

ఉద్గారం ఎవరి ఖాతాలో పడాలన్న సమస్య మన దగ్గర సిమెంటులో కనిపిస్తుంది. వాడపల్లి, మఠంపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతాల సున్నపురాయి మీద ఎన్నో సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక, ఆ రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఆ సిమెంటులో ఎంతో భాగం హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల గోడలవుతుంది. దుమ్ము కృష్ణా తీరపు ఊళ్ల మీద పడుతుంది, తలసరి లెక్క వేస్తే ఉద్గారమూ ఆ మండలాల పేరు మీదే పడుతుంది. దేశాల మధ్య కూడా ఇంతే. పారిస్ లెక్కలు సరుకు ఎక్కడ తయారైందో చూస్తాయి, ఎవరు వాడారో చూడవు. బ్రిటన్ తన గడ్డ మీది ఉద్గారాలను బాగా తగ్గించింది, కానీ అక్కడి ప్రజలు వాడే దిగుమతి సరుకులను కలిపితే లెక్క గణనీయంగా పెరుగుతుంది. చైనా తలసరి ఉద్గారాలు ఐరోపా సగటును దాటడంలో ఆ ఎగుమతులదీ ఒక భాగం. అయినా ఇప్పటి చైనాను పేద దేశాల వరుసలో నిలబెట్టడం కష్టం. 2035 నాటికి గరిష్ఠ స్థాయి నుంచి 7–10 శాతం మాత్రమే తగ్గిస్తామన్న దాని 2025 ప్రకటన, దాని శక్తితో పోలిస్తే చిన్నది.

డబ్బు విషయంలో సంపన్న దేశాల తీరు మరీ బాధాకరం. పేద దేశాల హామీల్లో చాలావాటికి రెండు భాగాలుంటాయి. మొదటిది సొంతంగా చేసేది, రెండోది సాయం అందితే చేసేది. ఇథియోపియా తన 2030 అంచనా ఉద్గారాల్లో 64 శాతం తగ్గిస్తానన్న 2015 హామీ బయటి సాయం మీద ఆధారపడినదే. మన హామీ పత్రం కూడా 2030 వరకు కనీసం రెండున్నర లక్షల కోట్ల డాలర్లు కావాలని లెక్క చెప్పింది. 2009లో కోపెన్‌హాగన్‌లో సంపన్న దేశాలు 2020 నాటికి ఏడాదికి పది వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మొత్తం 2022లో గానీ పూర్తి కాలేదని ఆ దేశాల సంస్థ అయిన ఓఈసీడీ స్వయంగా చెప్పింది. అందులోనూ ప్రభుత్వాల నుంచి వచ్చిన డబ్బులో మూడింట రెండు వంతులకు పైగా అప్పులే. అప్పును దాని ముఖవిలువ మీద కాకుండా అసలు సాయపు విలువ మీద కొలిస్తే 2022 మొత్తం 3,500 కోట్ల డాలర్లకు మించదని ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ లెక్కగట్టింది. 2024లో బాకూ వాతావరణ సదస్సులో 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు అన్న కొత్త అంకెను ఆమోదించగానే భారత ప్రతినిధి లేచి తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సరైనదే. వడ్డీకి తెచ్చిన డబ్బు ఎంత భారమో పాలమూరు రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. నష్టం చేసినవారు నష్టపోయినవారికి అప్పిచ్చి దాన్ని పరిహారంగా చెప్పుకోవడం ఏ న్యాయం కిందికీ రాదు.

అయితే తలసరి రెండు టన్నులన్న మన వాదనలో ఒక మనిషి కనిపించకుండా ఉన్నాడు. ఆ సగటు అంత తక్కువగా ఉండటానికి కారణం ఎవరు? కోస్గి నుంచో, మక్తల్ నుంచో ముంబయి, పుణెలకు వలస వెళ్లి, రేకుల షెడ్డులో ఉంటూ, ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక ఫోనుతో బతికే కూలీలు. దశాబ్దాలుగా పాలమూరు లేబర్ కట్టిన ఆనకట్టలు, కాలువలు, భవనాలు దేశమంతటా ఉన్నాయి. వాళ్లు వదిలే కార్బన్ అతి తక్కువ. నగరంలో గదికొక ఏసీ, మనిషికొక కారు ఉన్న కుటుంబం ఉద్గారాలు ఐరోపా సగటుకు దగ్గరగా ఉండవచ్చు, కానీ అంతర్జాతీయ వేదిక మీద ఆ కుటుంబం కూడా పాలమూరు కూలీ తక్కువ వాడకాన్నే చూపించి తన వాటా అడుగుతుంది. దేశాల మధ్య మనం అడిగే న్యాయాన్ని దేశం లోపల అడగకపోతే ఆ వాదనకు సగం బలమే ఉంటుంది. పారిస్ ఒప్పందం దేశాన్ని ఒక్క మనిషిగా చూస్తుంది, ఆ లోపాన్ని సరిదిద్దే పని మనదే.

నా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు జవాబు. అమెరికా 2020 నవంబర్‌లో తప్పుకుంది, 2021 ఫిబ్రవరిలో తిరిగి చేరింది, 2035 నాటికి 61–66 శాతం తగ్గిస్తామని 2024 డిసెంబర్‌లో చెప్పింది, నెల తిరగగానే కొత్త అధ్యక్షుడు మళ్లీ తప్పుకునే ఉత్తర్వు మీద సంతకం చేశారు. అంత శక్తిమంతమైన దేశపు మాట ఒక ఎన్నికతో చెదిరిపోతే, మిగతా దేశాలకు నమ్మకం సడలడం సహజం. అది అన్యాయం, ఆ మాట ప్రతి వేదిక మీదా అనాలి. కానీ వాళ్లు తగ్గించనందుకు మనమూ తగ్గించకపోతే ఆ ఎండ దామరచర్ల మీదా, దేవరకొండ మీదా పడుతుంది. న్యాయం వాళ్లను అడిగి తీసుకోవలసినది, ఫలితం మన అవసరం.

ఈ పద్ధతి వల్ల ఏమీ జరగలేదనే వారితో కూడా నేను ఏకీభవించను. పారిస్ నాటికి, అప్పుడు అమల్లో ఉన్న విధానాలే కొనసాగితే ఈ శతాబ్దం చివరికి భూతాపం దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుందన్న అంచనా ఉండేది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2025 నివేదిక ప్రకారం, ఇప్పటి విధానాలతో అది 2.8 డిగ్రీలు, హామీలన్నీ పూర్తిగా అమలైతే 2.3 నుంచి 2.5 డిగ్రీలు. పారిస్ ఒప్పందంలోని ఒకటిన్నర డిగ్రీల లక్ష్యానికి ఇది చాలా దూరం, అయినా నాలుగుకూ, రెండున్నరకూ మధ్య ఉన్నవి కోట్ల ప్రాణాలు. పైగా 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం, వనువాటు అనే చిన్న ద్వీప దేశం చొరవతో వచ్చిన ప్రశ్న మీద, హామీలో ఏం రాయాలన్నది పూర్తిగా ఆ దేశం ఇష్టం కాదనీ, అది అత్యున్నత సంకల్పాన్ని చూపాలనీ, అమలుకు నిజాయితీగా ప్రయత్నించడం బాధ్యత అనీ అభిప్రాయం చెప్పింది. సలహా రూపంలో ఉన్నదే అయినా, పరీక్ష రాసేవారే మార్కులు వేసుకునే రోజులకు ఇది మొదటి అడ్డుకట్ట.

అడగవలసిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ ఎక్కువగా చర్చించనిది. మన 2022 హామీలో వ్యవసాయం, నీరు, ఆరోగ్యం, విపత్తుల నిర్వహణ వంటి రంగాల్లో పెట్టుబడి పెంచి, మారిన వాతావరణాన్ని తట్టుకునేలా ప్రజలను సిద్ధం చేస్తామన్న అంశం ఉంది. ఉద్గార తీవ్రతకు 45 ఉంది, విద్యుత్‌కు 50 ఉంది, దీనికి మాత్రం ఏ అంకే లేదు. అంకె లేనిదాన్ని ఐదేళ్ల తర్వాత ఎవరూ తనిఖీ చేయలేరు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర స్థాయి విపత్తుగా గుర్తించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. అది మంచి నిర్ణయం, కానీ చనిపోయాక అందేది. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పని, ఇటుక బట్టీ పని, భవన నిర్మాణం పని మధ్యాహ్నం ఎన్ని గంటలు ఆపాలి, ఆపిన గంటలకు కూలి ఎవరు చెల్లించాలి, ప్రతి పనిచోట నీడ, నీళ్లు, ఓఆర్‌ఎస్ ఉన్నాయని ఏ అధికారి సంతకం చేయాలి అన్నవి హామీ పత్రంలోకి అంకెలతో సహా ఎక్కాలి. పారిస్ ఒప్పందం కింద రెండవ ప్రపంచ సమీక్ష 2028లో పూర్తవుతుంది. సంపన్న దేశాలు ఇచ్చినదెంత, ఇవ్వనిదెంత అన్న లెక్కతో పాటు, ఈ లెక్కను కూడా మన ప్రతినిధులు అక్కడికి పట్టుకెళ్లాలి.